మైనస్ యాభై ఎవరికి? ఉత్తర అమెరికా చలి, ఈదురుగాలుల మీద అపోహలు - వాస్తవాలు

2019 జనవరి నెలాఖరు. రాత్రి డ్యూటీలో ఉండగా బాపట్ల నుంచి అమ్మ ఫోను. "ఏరా, అక్కడ మైనస్ యాభై అంట గదా! టీవీలో ఒకటే చూపిస్తన్నారు. నువ్వు బయటికి పోబాకు."

నేనుండేది మిన్నెసోటా, ఉత్తర డకోటా సరిహద్దులో. నా పని వాతావరణ సూచన. రోడ్ల మీద మంచు తోసే బళ్లు ఏ గంటకు బయల్దేరాలి, కరెంటు లైన్ల మనుషులు ఎప్పుడు సిద్ధంగా ఉండాలి అని ముందుగా చెప్పాలి. అమ్మ చెప్పిన యాభైలో రెండు తిరకాసులున్నాయి. ఒకటి, అది సెల్సియస్ కాదు, ఫారెన్‌హీట్. రెండోది, అది అసలు గాలి ఉష్ణోగ్రత కాదు, విండ్ చిల్, అంటే గాలి తోడై ఒంటికి తగిలే చలి లెక్క. జనవరి 30 పొద్దున చికాగోలో థర్మామీటరు చూపించింది మైనస్ 23 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 31. విండ్ చిల్ మాత్రం మైనస్ 52 ఫారెన్‌హీట్. టీవీకి ఆ రెండోదే ముద్దు.

టీవీని ఒక్కదాన్నే అని లాభం లేదు. చదువుకు కొత్తగా వచ్చిన మన పిల్లలూ, ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్న పెద్దలూ కూడా "ఎంత చలి?" అని ఒక్క అంకె అడుగుతారు. ఇన్నేళ్లలో నాకు నిద్ర లేకుండా చేసింది "ఎంత" కాదు, "ఎప్పుడు". కింద రాసిన అపోహల్లో చాలావరకు ఆ "ఎప్పుడు"ను మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: విండ్ చిల్ మైనస్ 33 అంటే కారు, నీళ్ల పైపులు కూడా మైనస్ 33కి పడిపోతాయి

పొయ్యి మీంచి దించిన గిన్నెకు మూత పెట్టి ఫ్యాన్ కింద ఉంచండి. త్వరగా చల్లారుతుంది. అంతేగానీ రాత్రంతా ఫ్యాన్ తిరిగినా గదిలో గాలి కంటే చల్లగా మారదు. మీ కారూ అంతే. బయట మైనస్ 20 ఉంటే గాలి ఎంత ఉధృతంగా వీచినా ఇంజను మైనస్ 20 దగ్గరే ఆగుతుంది. కాకపోతే అక్కడికి తొందరగా చేరుతుంది. గోడ సందుల్లోంచి గాలి దూరితే పైపు తొందరగా గడ్డకట్టేది కూడా ఇందుకే.

విండ్ చిల్ మనిషి చర్మం కోసం వేసిన లెక్క. దీని పుట్టుక అంటార్కిటికాలో. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, బయట వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో చూశారు. 1945లో ప్రచురించారు. నీళ్ల గొట్టం మనిషి కాదు కదా, ఆ పాత లెక్క చలిని కాస్త ఎక్కువ చేసి చూపేది. అందుకే 2001 నవంబరులో అమెరికా, కెనడా కలిసి దాన్ని మార్చాయి. దానికోసం టొరంటోలోని ఒక ప్రయోగశాలలో 12 మంది వాలంటీర్లను ముఖానికి సెన్సర్లు అంటించి, చల్లని గాలి సొరంగంలో ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. కాబట్టి ఆ అంకె ఎండ లేనప్పుడు, ముఖం కప్పుకోకుండా, గాలికి ఎదురు నడుస్తున్న మనిషిది. మైనస్ 20 సెల్సియస్‌కు గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే మైనస్ 33 అవుతుంది. మైనస్ 29లో 24 కిలోమీటర్ల గాలికి మైనస్ 43. అలాంటి పూట కప్పుకోని చర్మం దెబ్బతినడానికి పది నిమిషాలు చాలు. బస్సు కోసం నిలబడేది ఎంతసేపో గుర్తు తెచ్చుకోండి.

ఇంకో సంగతి. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ 2024 అక్టోబరు నుంచి "విండ్ చిల్ వార్నింగ్" అనే పేరే తీసేసి "ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్" అని పెట్టింది. గాలి లేని చలి కూడా ప్రాణం తీస్తుంది, పాత పేరు వింటే జనం గాలి ఉంటేనే ప్రమాదం అనుకునేవారు. నన్నడిగితే ఈ మార్పు ఎప్పుడో రావాల్సింది.

అపోహ: గాలి ఎంత గట్టిగా వీస్తే చలి అంత ముదురుతుంది, రెండూ కలిసే వస్తాయి

నా వృత్తిలో నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

కెనడా నుంచి ఆర్కిటిక్ చలి దిగే తీరు ఇలా ఉంటుంది. ముందు ఒక అల్పపీడనం తూర్పుకు జారిపోతుంది. దాని వెనక అధికపీడనం తోసుకొస్తుంది. ఈ రెంటి మధ్య మ్యాపులో పీడన రేఖలు, అంటే ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతలు, చాప నేసినట్టు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ సందులో వాయవ్యపు గాలి విరుచుకుపడుతుంది. పైగా చల్లగాలి ఇంకా వెచ్చగా ఉన్న నేల మీదికి రాగానే పైకీ కిందికీ చిలుకుడు మొదలవుతుంది. కిలోమీటరు పైన దూసుకుపోతున్న గాలిని ఆ చిలుకుడు ముక్కలు ముక్కలుగా కిందికి దింపుతుంది. మనం ఈదురుగాలి అంటున్నది ఆ ముక్కల్నే. ఇది మొదటి అంకం. అప్పటికి థర్మామీటరు పడుతూ ఉంటుంది కానీ అడుగు తాకదు. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత అర్ధరాత్రి ఒంటిగంటకే నమోదైపోవడం, మధ్యాహ్నానికి మరింత చల్లబడటం ఇక్కడ మామూలే.

రెండో రాత్రో, మూడో రాత్రో అధికపీడనం సరిగ్గా నెత్తి మీదికి వస్తుంది. గాలి చచ్చిపోతుంది. ఆకాశం నిర్మలం. నేలంతా కొత్త మంచు. ఆ మంచు రెండు పనులు చేస్తుంది. కింది మట్టిలో వెచ్చదనాన్ని పైకి రానివ్వదు, తన వేడిని మాత్రం ఆకాశానికి పంచేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి ఉష్ణోగ్రత బావిలో బకెట్ జారినట్టు కిందికి పోతుంది. పైనున్న వెచ్చని గాలిని కిందికి కలిపేందుకు చిటికెడు గాలి కూడా ఉండదు. రికార్డులు పడేది అప్పుడే.

2019లో జరిగింది చూడండి. చికాగోను విండ్ చిల్ వణికించింది జనవరి 30న, గాలి ఇంకా ఆడుతున్నప్పుడు. ఇల్లినాయ్ రాష్ట్ర చరిత్రలోనే అతి తక్కువ ఉష్ణోగ్రత, మౌంట్ క్యారల్ అనే చిన్న ఊళ్లో మైనస్ 38 ఫారెన్‌హీట్, నమోదైంది మర్నాడు 31 పొద్దున. అప్పటికి గాలి నెమ్మదించింది. మొహానికి ప్రమాదం ఒకరోజు, పైపులకూ కారు బ్యాటరీకీ ప్రమాదం ఇంకోరోజు. ఒక్క అంకెతో ఈ రెండు రోజుల్నీ ఎలా చెప్పాలి?

మనకూ ఇది కొత్త కాదు. ఆదిలాబాద్‌లో, లంబసింగిలో చలి ఎక్కువైతే పేపర్లు "చలిగాలులు" అని రాస్తాయి. కానీ ఆ ఊళ్లవాళ్లను అడిగితే చెబుతారు, ఒళ్లు గడ్డకట్టే పొద్దులు ఆకు కదలని పొద్దులేనని. మబ్బు పట్టినా, గాలి ఆడినా ఆ పూట చలి తగ్గుతుంది. ఉత్తర డకోటాలోనూ అదే సూత్రం, పాతిక ముప్పై డిగ్రీలు కిందన.

కనిష్ఠ ఉష్ణోగ్రత చెప్పడమంటే సగం గాలి సంగతి చెప్పడమే. నాకిది దెబ్బ తిని తెలిసింది. ఒక రాత్రి గాలి పూర్తిగా ఆగుతుందని మైనస్ 36 చెప్పాను. తెల్లారేదాకా పది కిలోమీటర్ల పిల్లగాలి ఆగనే లేదు. మైనస్ 27 దగ్గర నిలిచిపోయింది. నా మాట మీద అదనంగా మనుషుల్ని పిలిపించుకున్న కస్టమర్ పొద్దున్నే ఫోన్ చేసి, మర్యాదగానే, చాలాసేపు మాట్లాడాడు.

అపోహ: బ్లిజార్డ్ అంటే భారీగా మంచు కురవడం

బ్లిజార్డ్ నిర్వచనంలో మంచు ఎంత కురిసిందన్న మాటే లేదు. ఉష్ణోగ్రత మాటా లేదు. గంటకు 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు దాటిన గాలి లేదా తరచుగా ఆ వేగంతో విసురు, మంచు రేగడం వల్ల పావు మైలు లోపే చూపు, ఈ రెండూ కనీసం మూడు గంటలు. అంతే. నిన్న పడిన మంచును ఇవాళ గాలి లేపినా బ్లిజార్డే. దాన్ని గ్రౌండ్ బ్లిజార్డ్ అంటాం. తలెత్తితే నీలాకాశం, ఎండ. తల దించితే కారు బానెట్ కనబడదు. ఎర్రనది లోయ, అంటే ఫార్గో చుట్టుపక్కల నేల, ఒకనాటి అగాసిజ్ అనే మహా సరస్సు అడుగు. పళ్లెంలా చదును. ఉత్తరపు గాలికి అడ్డం లేదు. అందుకే ఇంటర్‌స్టేట్ 29 హైవేని మంచు ఆగాక కూడా మూసేస్తారు. "ఎండ కాస్తుంటే రోడ్డు మూస్తారేంటి" అని బయల్దేరినవాళ్లే దారిలో చిక్కుకుంటారు. చిక్కుకుంటే కారు వదిలి నడవొద్దు. ఇంజను కాసేపే నడపండి. నడిపే ప్రతిసారీ ముందు దిగి, పొగ గొట్టానికి మంచు అడ్డం పడిందేమో చూడండి. లేకపోతే చలి కంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది.

ఇక్కడ కూడా అసలు కథ "ఎప్పుడు"దే. 1888 జనవరి 12న డకోటా, నెబ్రాస్కా ప్రాంతాల్లో ఎన్నాళ్ల చలి తర్వాతో వెచ్చగా తెల్లారింది. పిల్లలు పల్చని బట్టలతో బడికి, పెద్దలు పొలాలకు వెళ్లారు. గాలి ఒక్కసారిగా వచ్చి పడింది. 235 మంది దాకా చనిపోయారని అంచనా. చాలామంది పిల్లలు ఇంటిదారిలోనే. 1940 నవంబరు 11న మళ్లీ అదే. పొద్దున వెచ్చదనం చూసి మిసిసిపీ నది మీదికి బాతుల వేటకు పోయినవాళ్లు సాయంత్రానికి దీవుల్లో గడ్డకట్టుకుపోయారు. మొత్తం మృతులు సుమారు 150 మంది. అప్పట్లో మిన్నెసోటాకు సూచనలు చికాగో నుంచి వచ్చేవి. ఆ తర్వాతే స్థానిక ఆఫీసుల చేతికి సూచనలు ఇచ్చే పని, 24 గంటల డ్యూటీలు వచ్చాయి. రాత్రి మూడింటికి నాకు చిరాకేసినప్పుడు ఆ వేటగాళ్లు గుర్తొస్తారు.

అపోహ: పోలార్ వోర్టెక్స్ ఊడి మన మీద పడుతుంది

పోలార్ వోర్టెక్స్ ప్రతి చలికాలం ధ్రువం మీద, స్ట్రాటోస్పియర్ అనే వాతావరణపు పై పొరలో తిరిగే పడమటి గాలుల వలయం. మేం దాన్ని చూసే ఎత్తు సుమారు 30 కిలోమీటర్లు. అది కిందికి దిగి ఎవరింటి ముందూ నిలబడదు. ఒక్కోసారి అక్కడ ఉన్నట్టుండి వేడెక్కి ఆ వలయం బలహీనపడుతుంది, పక్కకు జరుగుతుంది, లేదా రెండుగా చీలుతుంది. అప్పుడు ధ్రువపు చలి దక్షిణానికి జారే అవకాశం పెరుగుతుంది. ఇలా ఉన్నట్టుండి వేడెక్కడాన్ని 1952లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్‌హాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త మొదట గుర్తించాడు. 2019 జనవరి మొదట్లో అలాగే చీలింది, నెలాఖరుకు చికాగో వణికింది. 2021 జనవరి మొదట్లో మళ్లీ వేడెక్కింది, ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టింది. ఇలా రెండు చెబితే సూత్రం దొరికినట్టే అనిపిస్తుంది. కానీ వేడెక్కినా అమెరికాకు ఏమీ కాని ఏళ్లున్నాయి, చలి యూరప్ మీదికో ఆసియా మీదికో పోయిన ఏళ్లున్నాయి. దాన్ని చూసి నేను చేసేదల్లా రాబోయే కొన్ని వారాలకు చలి వచ్చే అవకాశాల అంచనా కాస్త మార్చుకోవడమే.

అపోహ: యాప్‌లో పదిరోజుల ముందే మైనస్ 24 అని ఉంది, ఇక మీ అవసరమేంటి?

ఆ మైనస్ 24 వెనక చాలా అంకెలు దాక్కుని ఉంటాయి. ఒకే వాతావరణాన్ని మొదట్లో కొద్దికొద్దిగా మార్చి మోడల్‌ను, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామును, చాలాసార్లు నడుపుతారు. యూరప్ వాతావరణ సూచన కేంద్రం వాళ్లు 51 సార్లు. పదో రోజుకు అందులో ఒకటి మైనస్ 30 అంటుంది, ఇంకొకటి మైనస్ 5 అంటుంది. పెద్ద చలి వస్తోందని వారం ముందు ధైర్యంగా చెప్పొచ్చు. ఏ ఊళ్లో ఏ గంటకు గాలి విసురుతుందో ఒకటి రెండు రోజుల ముందు గానీ తేలదు.

ఆర్కిటిక్ చలితో ఇంకో పేచీ ఉంది. అది బరువైనది, పల్చనిది. రాకీ పర్వతాల తూర్పు అంచున గట్టు పక్కన నీళ్లు పారినట్టు నేలను ఆనుకుని దక్షిణానికి పారుతుంది. మోడళ్లు ఈ పల్చటి పొరను సరిగ్గా పట్టలేక తరచూ ఆలస్యంగా తెస్తాయి. ఆ చల్లని మడుగు అంచు ఎంత పదునుగా ఉంటుందో తెలియాలంటే దక్షిణ డకోటాలోని స్పియర్‌ఫిష్ చాలు. 1943 జనవరి 22న అక్కడ మడుగు వెనక్కి జరిగి కొండల మీంచి దిగే వెచ్చని చినూక్ గాలి తాకగానే రెండు నిమిషాల్లో మైనస్ 20 నుంచి 7 డిగ్రీలకు ఎగబాకింది. అందుకే మోడల్ సాయంత్రం ఆరింటికి చలి వస్తుందంటే నేను మధ్యాహ్నం మూడు రాసుకుంటాను. డాలస్‌లో మనవాళ్లు 2021 ఫిబ్రవరి 16న మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 చూశారే, అది ఇలా పారుకుంటూ వెళ్లిన చలే.

అపోహ: మరీ చలి ఎక్కువైతే మంచు కురవదు

కురుస్తుంది, తక్కువగా. సున్నా దగ్గర పట్టే ఆవిరిలో మైనస్ 20 గాలికి అయిదో వంతే పడుతుంది. కానీ అప్పుడు పడేది పొడిమంచు, దూదిలాంటిది. కొద్దిగా పడినా గాలికి అదే బాగా లేస్తుంది.

అపోహ: తుపానులు చూసినవాళ్లకు ఈ గాలులొక లెక్కా?

ఇది మా బాబాయి మాట. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, గంటకు వంద కిలోమీటర్ల గాలితో. "మీ గాలి అరవై, డెబ్భయ్యేగా" అంటాడు. బాబాయికి నేను ఇచ్చే జవాబు బరువు సంగతి. మైనస్ 25 దగ్గరి గాలి 25 డిగ్రీల గాలి కంటే అయిదో వంతు బరువెక్కువ. ఇక్కడి వంద కిలోమీటర్ల గాలి మన తీరంలో 110 కిలోమీటర్ల గాలి తోసినంత తోస్తుంది. ఇంకోటి, సూచనలో చెప్పే వేగం రెండు నిమిషాల సగటు. విసురు అంటే మూడు సెకన్ల లెక్క. "నలభై అన్నారు, అరవై వీచింది" అని నన్ను తిట్టేవాళ్లు చాలాసార్లు ఈ రెంటినీ కలిపేస్తారు.

అపోహ: మరిగే నీళ్లు గాల్లోకి విసిరితే మొత్తం మంచయిపోతుంది

ప్రతి జనవరిలో ఎవరో ఒకరు ఈ వీడియో పంపుతారు. మరిగే నీళ్లు విసిరితే సన్నని తుంపరలుగా విడిపోతాయి, ఆవిరవుతాయి, ఆ ఆవిరే మెరుపు మంచుగా మారుతుంది. పెద్ద చుక్కలు మాత్రం వేడివేడిగానే కింద పడతాయి. కిందటేడు మా అపార్టుమెంటులో మాస్టర్స్ చదివే ఒక అబ్బాయి వచ్చి, "అన్నా, రేపు మైనస్ 30 అంట, పొద్దున ఎన్నింటికి విసిరితే బాగుంటుంది?" అని అడిగాడు. ఎంత అని కాకుండా ఎప్పుడు అని అడిగినందుకు ముచ్చటేసింది. ఏడున్నరకు గాలి పూర్తిగా ఆగుతుంది, అప్పుడు విసురు, నెత్తి మీదికి మాత్రం వద్దు అని చెప్పాను. ఆగలేక ఆరింటికే, ఉత్తరపు గాలికి ఎదురు నిలబడి విసిరాడు. చేతికి కట్టుతో వారం రోజులు నా కారులోనే కాలేజీకి వెళ్లాడు.