పారా ఎస్ఎఫ్‌ల ప్రమోషన్లు: మన దిక్కు నడుస్తున్న అపోహలు - వాస్తవాలు

పారా స్పెషల్ ఫోర్సెస్‌ల, అంటె ఆర్మీల పారాచూట్ కమాండోల దాంట్ల (పారా ఎస్ఎఫ్ అంటరు), నౌకరి చేసి రిటైరై ఇప్పుడు దేవరకొండ దిక్కు ఉంటున్న. పొద్దుగాల గ్రౌండ్‌కి ఉరకనీకి వచ్చే పోరగాళ్లు, వాళ్ల నాయినలు మళ్లమళ్ల అడిగేటివే ఈడ రాస్తున్న. ఆపరేషన్ల ముచ్చట్లు మాత్రం అడగొద్దు, అవి రాయ.

అపోహ: కమాండో అయితే ప్రమోషన్లు జల్ది వస్తయి.

వాస్తవం: రావు. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, ఆ పైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్, ఆర్మీ మొత్తానికి ఉన్న మెట్లే మాకు గూడ. పైన ఖాళీ కావాలె, కేడర్ (ప్రమోషన్ కోర్సు) పాస్ కావాలె, ఏసీఆర్‌లు (ఏడాదికోసారి పైవాళ్లు రాసే రిపోర్టులు) మంచిగుండాలె, మెడికల్ కేటగిరీ (ఒంటి ఫిట్‌నెస్ గ్రేడు) సక్కగుండాలె. ఈ ఆఖరిదే మా దాంట్లె బాధ పెడ్తది, ఎందుకంటె జంపులు, బరువు మోసుడుతోని మోకాలు, నడుం పోతయి, కేటగిరీ పడితె పని బాగ వచ్చినోడు గూడ వెనకవడొచ్చు. ర్యాంక్ రాకున్నా జీతం ఆగొద్దని ఎంఏసీపీ అనే స్కీము కింద 8, 16, 24 ఏండ్లకు పే లెవల్ పెంచుతరు, గది వేరు, ర్యాంక్ వేరు. 2022 నుంచి అగ్నివీర్‌గ పోతున్నోళ్లకైతె ఆ 4 ఏండ్లు అగ్నివీరే, ఆ తర్వాత 25 శాతం దాంక రెగ్యులర్‌ల తీసుకుంటరు, మెట్లు ఆడికెళ్లి మొదలు.

అపోహ: భుజం మీద స్టార్లు ఉన్నోడే లీడర్, మిగతోళ్లు చెప్పింది చేస్తరు.

దీని గురించి జర ఎక్కువ చెప్పాలె. ఆఫీసర్లకు కెప్టెన్ 2 ఏండ్లకు, మేజర్ 6 ఏండ్లకు, లెఫ్ట్‌నెంట్ కల్నల్ 13 ఏండ్లకు టైం మీద వస్తయి, పరీక్షలు పాస్ కావాలె అంతే, కల్నల్ నుంచి సెలెక్షన్ బోర్డు. మంచి ఆఫీసర్లు ఉంటరు, ప్రాణం ఇస్తరు, గాని వాళ్లు పోస్టింగుల మీద వస్తరు పోతరు, ఏండ్లకేండ్లు బటాలియన్‌ల ఉండేది జేసీఓలు (నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాంక), ఎన్సీఓలే (లాన్స్ నాయక్ నుంచి హవల్దార్ దాంక). మా స్క్వాడ్‌లు చిన్నయి, ఒకడు రేడియో, ఒకడు మెడిక్, ఒకడు డెమోలిషన్, ఎవని పని కాడ వాని మాటే నడుస్తది. ఒక ఎక్సర్‌సైజ్‌ల కెప్టెన్ సాబ్ మోకాళ్ల మీద కూసొని మ్యాప్ మీద చైనాగ్రాఫ్ పెన్సిల్‌తోని (తుడిస్తె పోయే మైనం పెన్సిల్) రూట్ గీస్తుండు, పక్కకున్న నాయక్ మెల్లగ అన్నడు, "సాబ్, ఈ నాలా వద్దు, తెల్లారేదాంక తడి ఉంటది, బూట్ల అచ్చులు పడ్తయి". సాబ్ ఒక్క మాట గూడ ఎదురు మాట్లాడకుంట బొటనవేలుతోని గీత తుడిచేసి పెన్సిల్ వాని చేతుల పెట్టిండు. అందరం ఆ నాయక్ గీసిన రూట్ల నడిచినం. ప్రొబేషన్ల (ఎస్ఎఫ్‌ల తీసుకునే ముందు పరీక్షించే టైం) గూడ అంతే, ఆఫీసర్ అయినా జవాన్ అయినా అదే ఉరుకుడు, అదే ఆకలి, అదే నిద్ర లేకపోవుడు.

అపోహ: మెడల్ వస్తె ర్యాంక్ వస్తది. మెడల్ మెడలే, సాహసానికిచ్చే మెడల్‌కైతె నెల నెలా అలవెన్స్ ఉంటది, ర్యాంక్ దానంతటది రాదు. 9 పారా ఎస్ఎఫ్ బటాలియన్ మోహన్ నాథ్ గోస్వామి 2015 సెప్టెంబర్‌ల కుప్వారా జిల్లా హఫ్రుదా అడవిల గాయపడ్డ తోటోళ్లను కాపాడుకుంట చనిపోయిండు, 2016ల అశోక్ చక్ర (యుద్ధం లేని టైంల సాహసానికిచ్చే అన్నిటికన్న పెద్ద మెడల్) ఇచ్చిన్రు. ఆయన లాన్స్ నాయక్, సిపాయి మీద ఒక్క మెట్టు.

అపోహ: గ్రేహౌండ్స్, పారా ఎస్ఎఫ్ ఒకటే. కాదు. గ్రేహౌండ్స్ పోలీసోళ్లది, 1989ల పెట్టిన్రు. మా దాంట్ల మొదటి కమాండో బటాలియన్ 1966ల వచ్చింది. ఇంకోటి, సూర్యాపేట కోర్టు చౌరస్త కాడ విగ్రహం ఉన్న కల్నల్ సంతోష్ బాబు గారు గూడ కమాండో అనుకుంటరు శానమంది. ఆయన 16 బిహార్ బటాలియన్ సీఓ (కమాండింగ్ ఆఫీసర్), ఇన్‌ఫాంట్రీ, అంటె మామూలు కాల్బలం. గల్వాన్‌ల తన జవాన్ల ముందట తనే నిలవడ్డడు, ఎస్ఎఫ్ కాకుంటె గొప్పతనం తగ్గుతదా?

అపోహ: ఏం చెప్తలేడంటె ఏం చేయనట్టే.

ఇది మస్తు కోపం తెప్పిస్తది నాకు. లీవ్ మీద ఇంటికొచ్చినోడు బత్తాయి తోటకు మందు కొట్టుకుంట ఉంటె, "ఇన్నేండ్లాయె, ఇంకా నాయకేనా, వంటల గిట్ల ఉన్నవా ఏంది" అంటరు. పెండ్లి సంబంధాల కాడ గూడ ఇదే మాట. వాడు నవ్వి ఊకుంటడు, లోపల వాళ్లమ్మకు కండ్లళ్ల నీళ్లు తిరుగుతయి. 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ ఒకటి ఉన్నది నిజమే, గాని అసలు సంగతేందంటె వాని దోస్తులు ఇంకా ఆడనే ఉన్నరు, ఈడ నోరు జారిన ఒక్క ఊరి పేరు, ఒక్క టైము ఆడ వాళ్ల మీదికి వస్తది. గందుకే ఇంట్ల భార్యకు గూడ చెప్పరు. దయచేసి ఆ పిల్లగాన్ని అట్ల అడగకుండ్రి.

అపోహ: పైసలు కడితె డైరెక్ట్ ఎస్ఎఫ్‌ల పెట్టిస్తరు.

ఎవ్వరు పెట్టియ్యలేరు తమ్మీ. మా పారావోళ్ల మెరూన్ టోపీ పెట్టుకొని రీల్స్ చేసేటోడు కోచింగ్ అని, గ్యారంటీ అని పైసలు అడిగితె ఆడికెళ్లి లేచి రాండ్రి. జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్ల అప్లై చేస్కోవాలె, ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీ, మనకు సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీస్. ఎస్ఎఫ్‌కు వాలంటీర్ అయ్యేది లోపలికి పోయినంకనే, ప్రొబేషన్ దాటాల్సింది మీ కాళ్లతోనే. పరుగు గురించి, మ్యాప్ రీడింగ్ గురించి ఏమన్న అడగాలంటె పొద్దుగాల గ్రౌండ్ కాడికి రాండ్రి, పైసలు ఏమొద్దు, నేర్పిస్త.