ప్రోబయోటిక్స్ ఆపితే ఐబీఎస్ తిరగబెడుతుందా?

"డాక్టర్ గారూ, క్యాప్సూల్ మానేస్తే మళ్లీ మొదటికొస్తుందేమో?" ఈ మాట వినకుండా నాకు ఒక్క వారం కూడా గడవదు. ఐబీఎస్ అంటే పదేపదే కడుపునొప్పి, విరేచనాల్లో తేడాలు వచ్చే పేగుల సమస్య. దానికి వాడే ప్రోబయోటిక్స్ అంటే బతికున్న మంచి బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్స్. ఆ భయంతోనే వాటిని ఏళ్ల తరబడి కొని మింగుతున్నవాళ్లున్నారు.

అపోహ: మానేస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా పోతుంది, జీవితాంతం వాడాల్సిందే.

వాస్తవం: మింగిన బ్యాక్టీరియా చాలామంది పేగుల్లో కాపురం పెట్టదు. ఆపిన ఒకటి రెండు వారాల్లో సాధారణంగా మలంలో కనిపించకుండా పోతుంది. మీ సొంత బ్యాక్టీరియా మాత్రం ఎక్కడికీ పోదు. పైగా ఐబీఎస్ స్వభావమే ఎక్కువవడం, తగ్గడం. బాగా బాధపడుతున్నప్పుడే మందు మొదలుపెడతాం కాబట్టి, దానంతటదే తగ్గినా పేరు క్యాప్సూల్‌కే వస్తుంది. మందుల పనితీరు తేల్చే పరీక్షల్లో, మందు లేని ఉత్తుత్తి మాత్రలకే పదిమందిలో ముగ్గురు నలుగురికి ఉపశమనం కలుగుతుంది. ఆ ఉపశమనం నిజమైనదే, నటన కాదు.

రెండేళ్లుగా వాడుతున్న ఒకావిడ బ్యాగులో ఎప్పుడూ అదనంగా ఒక స్ట్రిప్ ఉండేది. ఆపే ముందు నాలుగు వారాలు, ఆపాక నాలుగు వారాలు రోజూ రాత్రి నోట్‌బుక్‌లో నొప్పికి పదికి ఎన్ని మార్కులో, ఎన్నిసార్లు విరేచనమైందో, ఎంతసేపు నిద్రపట్టిందో రాయమన్నాను. ఆపిన మూడో రోజు ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు, నొప్పి ఏడు అని. వెనక పేజీలు తిప్పి చూడమన్నాను. క్యాప్సూల్ వేసుకుంటున్న రోజుల్లోనే నాలుగుసార్లు ఏడు ఉంది. కాసేపు మాట్లాడలేదు. మళ్లీ మొదలుపెట్టలేదు.

అందరికీ ఇలాగే జరుగుతుందనను. ఆపాక రెండు మూడు వారాలు వరసగా బాధ పెరిగితే, మీకు పనిచేసిన అదే రకం మళ్లీ వాడండి. దీన్ని మెల్లమెల్లగా తగ్గించే పని లేదు, ఒక్కసారే ఆపొచ్చు. బ్రిటిష్ నిపుణుల 2021 మార్గదర్శకాలు 12 వారాల వరకు చూసి, గుణం లేకపోతే ఆపమంటున్నాయి. అదే ఏడాది అమెరికన్ నిపుణులైతే ఐబీఎస్‌కు వీటిని సిఫారసే చేయలేదు. ఒక కోర్సుతో శాశ్వతంగా నయమవుతుందని చెప్పేవాళ్ల మాట అసలు నమ్మకండి, వీటిపై జరిగిన ప్రయోగ పరీక్షలు చాలావరకు 4 నుంచి 12 వారాలవే.

క్యాప్సూల్‌లో బ్యాక్టీరియా ఎక్కువ కోట్లుంటే ఎక్కువ గుణమా? కాదు. బ్యాక్టీరియా పేరు ఒకటే అయినా స్ట్రెయిన్ (అందులోని ఉపరకం) మారితే ఫలితం మారుతుంది.

మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నొప్పి నిద్రలేపుతున్నా క్యాప్సూల్ సంగతి పక్కనపెట్టి వెంటనే పరీక్షలకు రండి.