లైసెన్సు ఉన్నా నెట్‌వర్క్‌లో లేరు: అమెరికా క్రెడెన్షియలింగ్ చట్టాల నేపథ్యం

అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) పూర్తిచేసి, రాష్ట్ర లైసెన్సు చేతికొచ్చిన డాక్టరు మర్నాటి నుంచే రోగుల్ని చూడొచ్చు. బీమా డబ్బు మాత్రం సాధారణంగా రాదు. ఒక్కో బీమా కంపెనీ ఆ డాక్టరు చదువును, లైసెన్సును, తనపై పడ్డ పాత కేసులను విడిగా పరిశీలించి తన నెట్‌వర్క్‌లో, అంటే తాను ఒప్పందం చేసుకున్న డాక్టర్ల జాబితాలో, చేర్చుకోవాలి. అదే క్రెడెన్షియలింగ్. ఆ పనికి గడువు పెడుతూ రాష్ట్రాలు చట్టాలు చేస్తున్నాయి.

ఈ తనిఖీ ఊరికే పుట్టలేదు. 1960లో ఇల్లినాయ్‌లోని చార్ల్‌స్టన్‌లో ఫుట్‌బాల్ ఆడుతూ కాలు విరిగిన కాలేజీ కుర్రాడికి కట్టు బిగుతుగా వేశారు. వేళ్ళు వాచి నల్లబడ్డా ఎవరూ సకాలంలో పట్టించుకోలేదు. చివరకు మోకాలి కింద కాలు తీసేశారు. ఇందులో డాక్టర్ల పనిపై కన్నేసి ఉంచని ఆసుపత్రికీ బాధ్యత ఉందని 1965లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. 1986 నాటి ఫెడరల్ చట్టం ఫలితంగా మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో తప్పిదం) చెల్లింపులు, క్రమశిక్షణ చర్యలు నమోదు చేసే నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్ 1990లో మొదలైంది. అదే ఏడాది ఏర్పడిన, ఆరోగ్య బీమా ప్లాన్ల నాణ్యతను తూచి గుర్తింపునిచ్చే సంస్థ ఎన్‌సీక్యూఏ, బీమా ప్లాన్లకు ప్రమాణాలు రాసింది.

ఆ ప్రమాణాల ప్రాణం ఒక్కటే: డాక్టరు ఇచ్చిన జిరాక్స్ చెల్లదు, లైసెన్సు సంగతి జారీచేసిన బోర్డునే అడగాలి. ఐదేళ్ళ ఉద్యోగ చరిత్ర కావాలి. మధ్యలో ఆరు నెలలు దాటిన ఖాళీ ఉంటే కారణం చెప్పాలి, ఏడాది దాటితే రాసివ్వాలి. మూడేళ్ళకోసారి అంతా మళ్ళీ మొదలు. ఇది రోగి మేలు కోసమే, సడలించాలని ఎవరూ అనకూడదు. చిక్కల్లా ఒకే పనిని ప్రతి కంపెనీ మళ్ళీ మళ్ళీ చేయడంలో ఉంది. 2002లో సీఏక్యూహెచ్ అనే బీమా రంగ సంస్థ ఉమ్మడి ఆన్‌లైన్ ప్రొఫైల్ తెచ్చాక ఫారాల బెడద తగ్గింది. కానీ చాలా రాష్ట్రాల్లో 120 రోజులకోసారి ఆ వివరాలు సరైనవేనని మళ్ళీ ధ్రువీకరించాలి. ఆ తేదీ మరిచిపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

గడువులు రాష్ట్రానికో తీరు. మేరీల్యాండ్‌లో దరఖాస్తు అందిన 30 రోజుల్లో ముందుకెళ్తారో లేదో చెప్పాలి, ఆ తర్వాత 120 రోజుల్లో తేల్చాలి. మానసిక ఆరోగ్య, వ్యసన చికిత్సకుల విషయంలో కాలిఫోర్నియా 2023 నుంచి 60 రోజులే ఇచ్చింది.

అయితే గడియారం మొదలయ్యేది సాధారణంగా 'పూర్తయిన దరఖాస్తు' అందినప్పుడు. మాల్‌ప్రాక్టీస్ బీమా పత్రం తేదీ దాటిపోయిందనో, క్లినిక్ చిరునామా ఒక్కోచోట ఒక్కోలా ఉందనో వెనక్కి పంపితే లెక్క మొదలే కాదు. మన డాక్టర్లకు ఇంటిపేరు దగ్గరే చిక్కు. ఎంబీబీఎస్ పట్టాలో 'కె.' అన్న ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, లైసెన్సులో ముందువెనకలు మారిన పేరు. అన్నిటా ఒకే వరసలో పేరు రాయించుకోవడం, తేడాలుంటే అఫిడవిట్ ముందే జతచేయడం మంచిది. విదేశీ పట్టాను, బయట చదివిన డాక్టర్ల అర్హతను పరిశీలించే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ ధ్రువీకరణతో సరిచూసుకోవడానికి వీలుంది.

ఆలస్యం పాత తనిఖీలనూ చెల్లకుండా చేస్తుంది. లైసెన్సు వంటి వివరాలు సరిచూశాక బీమా ప్లాన్ క్రెడెన్షియలింగ్ కమిటీ నిర్ణయానికి ఉన్న 180 రోజుల వ్యవధిని ఎన్‌సీక్యూఏ 2025 జూలై నుంచి, గుర్తింపు పొందిన ప్లాన్లకు 120కి కుదించింది. కమిటీ సరేనన్నాక కూడా ఒప్పందం కుదరాలి, క్లెయిముల సిస్టంలో పేరు ఎక్కాలి. కమిటీ నిర్ణయంతో ఆగిపోయే గడువు ఈ చివరి అంచెకు అక్కరకు రాదు.

ప్రధానంగా వృద్ధులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే బీమా అయిన మెడికేర్ దారి వేరు. ఆమోదం ఎప్పుడొచ్చినా దరఖాస్తు తేదీనే లెక్క, లేదా ప్రాక్టీసు మొదలైన తేదీ, రెండింటిలో ఏది తర్వాతైతే అది. దానికి ముందు 30 రోజుల్లో చేసిన వైద్యానికీ బిల్లు వేసే వీలుంది. మా దృష్టిలో అసలు మందు ఇదే. టెక్సస్ దీనికి దగ్గరగా వచ్చింది: 2007 నాటి చట్టం ప్రకారం దరఖాస్తు పెండింగులో ఉన్నా చెల్లింపుల వరకు ఆ డాక్టర్ని నెట్‌వర్క్‌లో ఉన్నట్టే చూడాలి. చివరకు అర్హత లేదని తేలితే అదనంగా ఇచ్చిన మొత్తాన్ని కంపెనీ వెనక్కి తీసుకోవచ్చు, రోగిపై మాత్రం ఆ భారం వేయకూడదు. కాకపోతే ఇది ఆ కంపెనీతో అప్పటికే ఒప్పందం ఉన్న గ్రూపులో చేరేవారికే. సొంత క్లినిక్ తెరిచే డాక్టరుకు వర్తించదు.