సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆవరణలో రెండు వారాలు కదలకుండా ఉన్న పాత ఆల్టో కావచ్చు, జడ్చర్ల బస్టాండు పక్కన ఎండలో నిలబెట్టిన శాంత్రో కావచ్చు, ఒక్కోసారి ఉన్నట్టుండి మొండికేస్తుంది. తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. లేదంటే అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. చుట్టూ చేరినవాళ్లు చెప్పే మొదటి మాట, "బ్యాటరీ వైరు తీసి మళ్లీ పెట్టు, రీసెట్ అయితది." ఇమ్మొబిలైజర్ ఉన్న కారులో ఆ సలహా పనిచేయదు.

దొంగతనాన్ని ఆపే ఏర్పాట్లు పాత కారులో రెండు ఉండొచ్చు. తలుపు తెరిస్తే సైరన్ మోగించేది అలారం. తాళంచెవిని గుర్తుపట్టకపోతే ఇంజిన్‌కు పెట్రోలు గానీ, స్పార్కు గానీ అందకుండా ఆపేది ఇమ్మొబిలైజర్. ఈ రెండిటినీ ఒకటే అనుకోవడంతోనే సగం తిప్పలు మొదలవుతాయి.

ఇమ్మొబిలైజర్ ఉన్న తాళంచెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. స్విచ్ ఆన్ చేయగానే అది చాలా కార్లలో 125 కిలోహెర్ట్జ్ తరంగాలు పంపుతుంది. ఆ తరంగాల నుంచే చిప్ తనకు కావలసిన కరెంటు తీసుకుని, తన కోడ్ చెబుతుంది. కోడ్ కుదిరితేనే ఇంజిన్ కంప్యూటర్, అంటే మెకానిక్కులు ఈసీఎం అనే పెట్టె, ఇంజిన్‌ను నడవనిస్తుంది. ఆ కోడ్ కరెంటు పోయినా చెరగని మెమరీలో రాసి ఉంటుంది కాబట్టి బ్యాటరీ గంటసేపు తీసి పెట్టినా పోయేది గడియారం టైము, రేడియో స్టేషన్ల లాంటివే. అందుకే రిమోట్ సెల్ అయిపోయినా తాళం తిప్పి స్టార్ట్ చేసే కారు స్టార్ట్ అవుతుంది. సెల్ పనిచేసేది తలుపుల కోసమే.

కాబట్టి వైర్ల మీద చెయ్యి వేయకముందు మీటర్ల దగ్గర చూడండి. తాళం బొమ్మ ఉన్న లైటు ఉంటుంది. చాలా మారుతి కార్లలో స్విచ్ ఆన్ చేశాక అది ఆగకుండా మిణుకుతుంటే తాళాన్ని గుర్తుపట్టలేదని అర్థం. పూర్తిగా ఆఫ్ చేసి, తాళం బయటికి తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఇంట్లో రెండో తాళం ఉంటే దానితో చూడండి. రెండో దానితో స్టార్ట్ అయితే లోపం మొదటి తాళంలోనే. రెండిటితోనూ మిణుకుతుంటే లోపం కారులో ఉంది. లైటు మామూలుగానే ఉండి ఇంజిన్ అందుకోకపోతే ఇమ్మొబిలైజర్‌ను అనుమానించక్కర్లేదు, పెట్రోలు పంపు, ప్లగ్గుల వైపు చూడాలి.

కారులో లోపం అని తేలితే ముందు చూడాల్సింది బ్యాటరీనే. నల్లగొండ వైపు మే నెల ఎండకు సీసపు బ్యాటరీల ఆయుష్షు త్వరగా తగ్గిపోతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే, రాత్రంతా ఆగి ఉన్న కారుకు 12.6 వోల్టులు రావాలి. 12.2 వస్తే సగం ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే ఈసీఎంకు, ఇమ్మొబిలైజర్ పెట్టెకు మాట కలవక లైటు మిణుకొచ్చు. బ్యాటరీ మంచిదే అయితే ఎర్తింగ్, అంటే బ్యాటరీ మైనస్‌ను కారు ఇనుముకు కలిపే తీగ, చూడండి. మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర వైరు ఇంజిన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టు లోపు ఉంటే సరే, 0.5 దాటితే ఎర్త్ తీగ తుప్పుపట్టిందనో, బోల్టు వదులైందనో లెక్క. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే 10 నంబరు స్పానరుతో మైనస్ ముందు విప్పి, గోరువెచ్చని నీళ్లలో తినే సోడా కలిపి బ్రష్షుతో కడగండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. ఆరాక ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి, పైన వాసెలిన్ పూయండి.

ఇక తాళంచెవి. పగిలిన తలకు కొత్త డొల్ల వేయించుకున్న రోజు నుంచే కారు స్టార్ట్ కావట్లేదంటే చిప్ పాత డొల్లలోనే ఉండిపోయిందేమో వెతకండి. 12 మిల్లీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 మందం ఉండే నల్లటి ముక్క అది. కొన్నిటిలో సన్నని గాజు గొట్టంలా ఉంటుంది. చింతగింజ కంటే చిన్నది, ప్లాస్టిక్ ముక్కే అనుకుని ఊడ్చేస్తారు. దొరికితే కొత్త డొల్లలో దాని గూటిలో కదలకుండా కూర్చోబెడితే చాలు. ఒకే రింగుకు ఇంకో చిప్ తాళం ఉన్నా రెండూ ఒకేసారి జవాబిచ్చి గందరగోళం చేయొచ్చు, విడదీసి చూడండి.

కొన్ని పాత హ్యుందాయ్ కార్లకు తాళం పనిచేయనప్పుడు వాడే దారి ఒకటి యజమాని పుస్తకంలోనే ఉంటుంది. నాలుగంకెల పాస్‌వర్డ్‌లో మొదటి అంకె ఎంతో అన్నిసార్లు తాళం ఆన్, ఆఫ్ చేయాలి. 3 నుంచి 10 సెకన్లు ఆగి తర్వాతి అంకె. నాలుగూ అయ్యాక ఆన్ చేసి 30 సెకన్లలో స్టార్ట్ చేయాలి. ఇది కారును షోరూముకు చేర్చుకునే దారే తప్ప మరమ్మతు కాదు.

బయట వేయించిన అలారం కిట్ అయితే కథ వేరు. అది సాధారణంగా ఒక రిలేతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌తో, పెట్రోలు పంపు వైరునో, ఇగ్నిషన్ వైరునో తెంపుతుంది. స్విచ్ ఆన్ చేసినప్పుడు వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు "జుయ్" అనాలి. ఆ శబ్దం లేకపోతే ఆ రిలేను, పంపు ఫ్యూజును చూడాలి. ఊరికే సైరన్ మోగుతుంటే బానెట్ తెరిచారని అలారానికి చెప్పే, దాని కింది స్విచ్ పుల్ల తుప్పుపట్టిందేమో వేలితో నొక్కి చూడండి. వడ్లు నిల్వచేసే చోట ఆపిన బండ్లలో ఎలుకలు వైర్లు కొరికేస్తాయి, డ్యాష్‌బోర్డు కింద, బ్యాటరీ ట్రే వెనక టార్చి వేసి చూడాలి. టేపు చుట్టి వదిలేసిన జాయింట్లు ఎండకు జిగురు కరిగి ఊడిపోతాయి. అక్కడ సోల్డర్ చేసి వేడికి ముడుచుకుని వైరును పట్టుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయించండి. కిట్ యూనిట్‌ను తాత్కాలికంగా పక్కకు తప్పించే వాలెట్ స్విచ్ డ్యాష్‌బోర్డు కింద ఎక్కడుందో బిగించినాయనను అడిగి తెలుసుకుని ఉంచుకోండి.

తాళం ఆన్‌లో పెట్టి పది నిమిషాలు వదిలేస్తే రీసెట్ అవుతుందని వీడియోల్లో చూపిస్తారు. అది జనరల్ మోటార్స్ వారి పాత అమెరికన్ కార్లలో ఉన్న పాస్‌లాక్ పద్ధతికి సంబంధించింది. మన ఆల్టోకు, శాంత్రోకు అలా చేస్తే బ్యాటరీ దిగడం తప్ప ఏమీ కాదు. పాత సామాన్ల దుకాణం నుంచి తెచ్చిన ఈసీఎం బిగించినా అది మన తాళాన్ని ఎరగదు, స్కానర్‌తో కలపాల్సిందే. కొత్త తాళం చేయించేటప్పుడు ఉన్న తాళాలన్నీ వెంట తీసుకెళ్లండి. కొన్ని కార్లలో ప్రోగ్రామింగ్ చేసినప్పుడు ఎదుట లేని తాళాలు కారు గుర్తుపట్టే తాళాల జాబితాలోంచి చెరిగిపోతాయి, ఇంట్లో పెట్టెలో ఉన్న రెండో తాళం అప్పటినుంచి తలుపు తీయడానికే పనికొస్తుంది.