దాచిన వేడి చిల్లరగా తిరిగొస్తే

'సోలార్ గీజరు ట్యాంకులో నీళ్లకు బదులు మైనం నింపితే, పగటి వేడి ఎంత శాతం రాత్రికి మిగులుతుంది?' అని కూకట్‌పల్లి నుంచి ఒకరు అడిగారు. ట్యాంకు చుట్టూ మందపాటి ఫోమ్ ఉంటే లోపలికెళ్లిన వేడి దాదాపు అంతా తిరిగొస్తుంది. శాతం వరకు జవాబు అంతే. కానీ ఆ శాతం చూసి కొనకండి.

మైనం కరుగుతూ వేడిని దాచుకుంటుంది, గడ్డకడుతూ తిరిగిస్తుంది. ఇలా కరిగేటప్పుడు వేడెక్కకుండానే పదార్థం మింగే వేడే గుప్తోష్ణం. ఆ మాట అనగానే ఐసుకు 'గ్రాముకు 80 కేలరీలు' అని అప్పజెప్పేస్తాం. కిలో ఐసును కరిగించే వేడితో కిలో నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీలకు కాచవచ్చని మాత్రం బళ్లో ఎవరూ చెప్పరు. మైనంలాగే వేడి దాచడానికి వాడే సోడియం అసిటేట్ ట్రైహైడ్రేట్ అనే లవణం 58 డిగ్రీల దగ్గర కరుగుతూ కిలోకు సుమారు 260 కిలోజౌళ్లు మింగుతుంది.

అయితే లవణమైనా మైనమైనా, 58 దగ్గర కరిగేదాన్ని 58 డిగ్రీల నీళ్లతో కరిగించలేం. 70 డిగ్రీలవి పంపామనుకుందాం. తీసుకునేటప్పుడూ 58 రాదు, 45 వచ్చిందనుకుందాం. అయిదు వందల నోటు దాచుకోమని ఇస్తే రూపాయి బిళ్లలు తిరిగిచ్చినట్టు! పైసా తగ్గలేదు, నోటు చిల్లరైందంతే. ఎంత చిల్లరైందో కొలవచ్చు. బయట 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. 70 డిగ్రీల (343 కెల్విన్) వేడిలో పనిగా మారగల భాగం 1 − 300/343, అంటే 12.5 శాతం. 45 దగ్గర (318 కెల్విన్) అది 5.7 శాతమే. వేడి మొత్తం చేతికొచ్చినా, పని విలువ సగానికి పైగా హరించుకుపోయింది. దీన్నే ఎక్సర్జీ నష్టం అంటారు. టర్బైను తిప్పాలంటే నోట్లే కావాలి. బకెట్ స్నానానికి చిల్లర చాలు.

ఇంత తేడా ఎందుకంటే మైనం వేడిని సరిగా మోయదు. దాని ఉష్ణవాహకత 0.2, నీటిది 0.6, రాగిది 400 దాకా. వేడి తీసే కొద్దీ గొట్టం చుట్టూ మైనమే గడ్డకట్టి, లోపలి వేడికి అదే అడ్డుగోడ అవుతుంది. అందుకే లోహపు రెక్కలు, గ్రాఫైటు పెడతారు. ధర పెరుగుతుంది.

ఇల్లు చల్లగా ఉండాలని పైకప్పులో పెట్టే, ఇలాంటి కరిగే పదార్థం నింపిన పలకలకు ఇంకో బెడద. మే నెల రాత్రి హైదరాబాదులో 26 కంటే దిగకపోతే, 23 దగ్గర కరిగే పలక మళ్లీ గడ్డకట్టదు. అప్పుడది ఒట్టి బరువు.

ఇక గీజరు సంగతి. 45 నుంచి 70 డిగ్రీల మధ్య కిలో నీళ్లు దాచేది 105 కిలోజౌళ్లు. మైనం సుమారు 250. కానీ మైనం తేలిక కాబట్టి, అదే ట్యాంకులో లాభం రెట్టింపే. పైగా బోరు నీళ్ల సున్నం గొట్టాల్లో పేరుకుంటే వేడి ఇంకా నెమ్మదిగా వస్తుంది. డాబా మీద చోటుంటే నీళ్ల ట్యాంకే పెద్దది పెట్టించుకోండి.