ఓడ దిగితే రోమ్ రాదు: మధ్యధరా క్రూజ్‌లో రేవు రోజుల గురించి అపోహలు, వాస్తవాలు

మధ్యధరా సముద్రంలో తిరిగే క్రూజ్ ఓడల్లో షోర్ ఎక్స్‌కర్షన్ డెస్క్ మీద పనిచేస్తాను. ఓడ రేవులో ఆగిన రోజు జనాన్ని ఊళ్లోకి పంపించి, సాయంత్రానికి అందరూ తిరిగొచ్చారా లేదా చూసుకోవడం నా పని. మనవాళ్లు కూడా బాగానే కనిపిస్తారు. డల్లాస్ నుంచో లండన్ నుంచో కొడుకూ కోడలూ, గుంటూరు నుంచో హైదరాబాద్ నుంచో అమ్మానాన్నలు, అందరూ బార్సిలోనాలో కలుసుకుని ఓడెక్కుతారు. నా బ్యాడ్జ్ మీద పేరు చదివి "తెలుగువాళ్లా అండీ?" అంటారు. ఆ తర్వాత అడిగేవి ఏ కుటుంబమైనా దాదాపు అవే ప్రశ్నలు. వాటి వెనకున్న నమ్మకాలూ అవే.

అపోహ: టికెట్ మీద రోమ్ అని ఉంది, కాబట్టి ఓడ రోమ్‌లోనే ఆగుతుంది

రోమ్‌కు ఓడ రాదు. ఆగేది చివిటవెక్కియాలో. ట్రాజన్ చక్రవర్తి కాలం నాటి రేవు అది, రోమ్‌కు 70 కిలోమీటర్ల పైమాటే. కాకినాడ రేవులో దింపి, రాజమండ్రి చూసి రమ్మన్నట్టు. ఫ్లోరెన్స్ అని రాసి ఉంటే దిగేది లివోర్నోలో, అక్కణ్నుంచి ఇంకో 90 కిలోమీటర్లు. ఏథెన్స్ అంటే పిరేయస్, ఇది నయం, ఊరికి పది కిలోమీటర్లే. మార్సెయ్‌లో ఊళ్లోనే దిగుతారు గానీ, ఫొటోల్లో చూసిన పాత రేవుకు నడిచి వెళ్దామనుకుంటే మాత్రం కాళ్లు పడిపోతాయి.

వెనిస్ సంగతి ఇంకా తమాషా. 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడలను ఊరి నడిబొడ్డున ఉన్న సాన్ మార్కో చౌక్ ముందు నుంచి పోనివ్వడం లేదు. అప్పటినుంచి చాలా ఓడలు రవెన్నాలోనో ట్రియెస్టేలోనో ఆగుతున్నాయి. రవెన్నా నుంచి వెనిస్‌కు బస్సులో రెండు, రెండున్నర గంటలు. పాత యూట్యూబ్ వీడియో చూసి, డెక్ మీద నిలబడితే వెనిస్ కళ్లముందే జరిగిపోతుందని కెమెరా పట్టుకుని తెల్లవారుజామున లేచిన పెద్దాయనకు ఈ మాట చెప్పాల్సి వచ్చింది నాకు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. బుక్ చేసే ముందే ఊరి పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే రేవు పేరు చదవండి. మీరు దిగేది ఆ ఊళ్లో.

అపోహ: పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకా అంటే మన చేతిలో 12 గంటలు

కాగితం మీద 12. నిజంగా ఎన్నో రోమ్ లెక్క వేసి చూద్దాం. 7కు ఓడ ఆగినా, తాళ్లు కట్టి, అధికారుల అనుమతి వచ్చి గ్యాంగ్‌వే, అంటే ఓడ దిగే దారి, తెరిచేసరికి ఏడున్నర. ముందు టూర్ల వాళ్లు దిగుతారు. సొంతంగా వెళ్లేవాళ్లు రేవు లోపల షటిల్ బస్సెక్కి లార్గో డెల్లా పాచె అనే చోట దిగాలి. అక్కణ్నుంచి స్టేషన్‌కు ఇంకో బస్సు, లేదా నడక. టికెట్ తీసుకుని ఎనిమిదిన్నర రైలు పట్టుకుంటే, రైలును బట్టి ముప్పావు గంట నుంచి గంటంపావు. మీరు రోమ్‌లో కాలు పెట్టేది తొమ్మిదిన్నర ప్రాంతంలో. వాటికన్ చూడాలంటే సాన్ పియెత్రో స్టేషన్‌లోనే దిగిపోండి. రోమ్ పెద్ద స్టేషన్ టెర్మినీ దాకా పోయి వెనక్కి రావడం దండగ.

ఇప్పుడు సాయంత్రం వైపు నుంచి చూడండి. ఓడ 7కు కదులుతుందంటే అందరూ లోపల ఉండాల్సింది ఆరున్నరకే. దాన్నే 'ఆల్ అబోర్డ్' టైమ్ అంటాం. మీరు గుర్తుంచుకోవాల్సిన టైమ్ అదొక్కటే, ఓడ కదిలే టైమ్ మర్చిపోండి. ఆరున్నరకు గంట ముందే రేవులో ఉండాలనుకుంటే, నాలుగు గంటల రైలు దాటనివ్వకూడదు. అంటే రోమ్‌లో మీకు మిగిలింది ఆరు, ఆరున్నర గంటలు. అందులో భోజనం, క్యూలు, దారి తప్పడం. కొలోసియం, వాటికన్ మ్యూజియం రెండూ లోపలికి వెళ్లి చూస్తానంటే నేనైతే వద్దంటాను. ఒకటి లోపల, ఇంకోటి బయట. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ వెళ్లేవాళ్లకు చేతిలో ఉండేది అంతకన్నా తక్కువ. దారిలో పీసా కూడా అంటే గోపురం పక్కన ఫొటో తప్ప ఇంకేమీ మిగలదు.

అన్నట్టు, మీ రేవు రోజు ఏ వారమో చూసుకోండి. ఫ్లోరెన్స్‌లో ఉఫీజి గ్యాలరీ, మైకెలాంజెలో డేవిడ్ ఉన్న అకాడెమియా సోమవారాలు మూసేస్తారు. వాటికన్ మ్యూజియాలకు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు సెలవు.

అపోహ: ఓడవాళ్ల టూర్లన్నీ దోపిడీ. దీనికి జంట అపోహ: ఓడవాళ్ల టూర్ తప్ప వేరే దారి లేదు

మొదటిది ఫేస్‌బుక్ గ్రూపుల్లో పుడుతుంది, రెండోది మా డెస్క్ దగ్గరే పుడుతుంది. టూర్లు అమ్మడమే నా ఉద్యోగం, అయినా చెప్తున్నాను: రెండూ తప్పే. తేల్చాల్సింది రేవును చూసి.

పిరేయస్‌లో మెట్రో ఎక్కితే నేరుగా మొనాస్తిరాకిలో దిగొచ్చు, ఎదురుగా కొండ మీద పాత గుళ్లున్న అక్రోపొలిస్. దానికి బస్సు టూర్ డబ్బులు పెట్టనక్కర్లేదు. కాకపోతే అక్రోపొలిస్‌కు ఇప్పుడు టైమ్ స్లాట్ టికెట్లు, ముందే కొనుక్కోవాలి. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌లో గ్రూజ్ రేవు నుంచి కోట గుమ్మానికి సుమారు మూడు కిలోమీటర్లు, సిటీ బస్సు చాలు. నేపుల్స్ నుంచి పాంపే శిథిల నగరానికి లోకల్ రైలు ఉంది, అరగంట పైన పడుతుంది. కిక్కిరిసి ఉంటుంది, ఏసీ మీద ఆశ పెట్టుకోవద్దు, పర్సు ముందు జేబులో పెట్టుకోండి. మన లోకల్ రైళ్లు ఎక్కి దిగినవాళ్లకు అదేం కొత్త కాదు. పాంపేలో రోజుకు 20,000 మందినే లోపలికి పంపాలని 2024 నవంబర్‌లో నియమం పెట్టారు, టికెట్ మీద పేరు కూడా ఉండాలి. ఎండాకాలంలో ముందే కొనకుండా వెళ్లొద్దు.

రోమ్, ఫ్లోరెన్స్, రవెన్నా నుంచి వెనిస్ లాంటివి వేరే లెక్క. దూరం ఎక్కువ, రైలు తప్పితే ఆ రోజంతా టెన్షన్. పక్కన డెబ్బై ఏళ్ల అమ్మానాన్నలు ఉంటే నేను ఓడ టూరే తీసుకోమంటాను. బస్సు గైడ్ గొప్పగా చెప్తాడని కాదు. మా టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీది. మీరు ఎక్కువ డబ్బు కట్టేది ఆ ఒక్క భరోసాకు. ఆ భరోసా అక్కర్లేని రేవులో ఎందుకు కట్టడం?

అపోహ: పదిహేను నిమిషాలే కదా, కెప్టెన్ ఆగుతాడు

సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగడు. ఓడను బయటికి నడిపే పైలట్‌నూ, టగ్ బోట్లనూ ఫలానా టైమ్‌కని చెప్పి పెడతారు. ఇక్కడ పోయిన అరగంటను రాత్రంతా వేగం పెంచి పూడ్చుకోవాలి, దానికి ఇంధనం ఖర్చు వేరే. మూడు వేలమంది వెళ్లాల్సిన తర్వాతి ఊరు ఇద్దరి కోసం ఆలస్యం కాదు.

లివోర్నోలో ఒక సాయంత్రం జరిగింది చెప్తాను. గ్యాంగ్‌వే దగ్గర సెక్యూరిటీ వాళ్ల స్క్రీన్ మీద ఇంకా బయటున్నవాళ్ల లిస్టు ఉంటుంది. కార్డు గీకి లోపలికొచ్చేకొద్దీ పేర్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఆరుంబావుకు పదకొండు పేర్లు. ఆరున్నరకు రెండు. స్పీకర్లలో పేర్లు పిలిచాం, ఫోన్ చేశాం, ఎత్తలేదు. అప్పుడు సెక్యూరిటీ సమక్షంలో వాళ్ల గది తెరిచి, లాకర్‌లోంచి పాస్‌పోర్టులు తీసి, కవర్లో పెట్టి రేవులో ఉండే మా పోర్ట్ ఏజెంట్ చేతికిచ్చారు. మాకు ఇది అలవాటైన పనే, అయినా ఎవరిదో లాకర్‌లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ మనసు అదోలా అవుతుంది. గ్యాంగ్‌వే లాగేశారు. తాళ్లు విప్పారు. ఓడకూ గట్టుకూ మధ్య నాలుగైదు మీటర్ల నీళ్లు కనిపిస్తున్నప్పుడు వచ్చి ఆగింది ఒక తెల్ల వ్యాన్. భార్యాభర్తలు దిగి పరిగెత్తారు. ఆవిడ చేతిలో చెప్పులున్నాయి. పై డెక్కుల మీద జనం చప్పట్లు కొట్టి, ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. నాకది ఎప్పుడూ నచ్చదు.

వాళ్లు ప్రైవేటు వ్యాన్ మాట్లాడుకున్నారు, అది హైవే మీద ఇరుక్కుపోయింది. అదృష్టం ఏంటంటే మర్నాటి రేవు చివిటవెక్కియా. రాత్రి రైలెక్కి మాకన్నా ముందే వెళ్లి గట్టు మీద కూర్చున్నారు. అదే మర్నాడు సముద్రంలో, ఆపై రేవు గ్రీకు దీవిలో ఉండుంటే సొంత ఖర్చుతో విమానం, హోటల్. అందుకే ఆ రోజు ప్రోగ్రామ్ కాగితంలో ఉండే పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబర్‌ను దిగే ముందు ఫొటో తీసుకోండి. టైమ్ కూడా ఓడ టైమే చూసుకోండి. ఇటలీ నుంచి గ్రీస్‌కు వెళ్తే గంట ముందుకు జరుగుతుంది, ఫోన్ ఎప్పుడు మారుతుందో దాని ఇష్టం. ఇండియా టైమ్ పెట్టుకుని మనసులో తీసివేతలు చేసుకునే చేతి గడియారం గదిలోనే ఉంచండి.

అపోహ: సాంటొరినిలో ఓడ దిగి నాలుగడుగులు వేస్తే ఆ తెల్ల ఇళ్లు

ఈ గ్రీకు దీవిలో ఓడ గట్టుకు ఆనదు. నీళ్లలో ఆగుతుంది, చిన్న పడవల్లో దింపుతారు, వాటినే టెండర్ అంటాం. సొంతంగా వెళ్లేవాళ్లను పాత రేవులో దింపుతారు. నిటారుగా కొండ, పైన ఫిరా ఊరు. పైకి మూడే దారులు: కేబుల్ కార్, గాడిద, 588 మెట్లు. గాడిదలు నడిచేది కూడా ఆ మెట్ల మీదే, అవి వదిలినవన్నీ ఉండేదీ అక్కడే. ఎండలో ఆ గాడిదల పాట్లు చూశాక నేను ఎవరినీ ఎక్కమని చెప్పడం మానేశాను.

కేబుల్ కార్‌లో ఒక్కో విడతకు ఆరు చిన్న డబ్బాలు, డబ్బాకు ఆరుగురు. ప్రయాణం మూడు నిమిషాలు. మూడు ఓడలు ఒకేసారి వచ్చిన రోజు ఆ మూడు నిమిషాల కోసం గంట, గంటన్నర క్యూ. అసలు దెబ్బ పొద్దున కాదు, సాయంత్రం దిగేటప్పుడు తగులుతుంది. చివరి టెండర్ టైమ్ చూసుకుని అందరూ ఒకేసారి వస్తారు. రద్దీ తగ్గించాలని 2025 నుంచి రోజుకు 8,000 మంది క్రూజ్ ప్రయాణికులే అన్న పరిమితి వచ్చింది. అదే ఏడాది జూలైలో మొదలుపెట్టి, జూన్-సెప్టెంబర్ సీజన్‌లో సాంటొరిని, మికొనొస్ దీవుల్లో దిగే క్రూజ్ ప్రయాణికులకు తలా 20 యూరోల రుసుము కూడా ఉంది. బిల్లులో అది కనిపిస్తే మా డెస్క్‌కు వచ్చి కోప్పడొద్దు, అది గ్రీస్ ప్రభుత్వానిది. ఓడ టూర్ వాళ్లను వేరే గట్టు అథినియోస్‌లో దింపి బస్సులో పైకి తీసుకెళ్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇక్కడ టూర్ డబ్బు దండగ కాదు, పొద్దున క్యూ అయినా తప్పుతుంది.

జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి బలంగా వీస్తే టెండర్లు నడపరు, రేవే రద్దవుతుంది. రేవు మార్చే హక్కు కెప్టెన్‌కు ఉందని టికెట్ షరతుల్లో ఉంటుంది. ఓడ టూర్ డబ్బు వెనక్కొస్తుంది. బయట బుక్ చేసుకున్నది వస్తుందో రాదో, ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

అపోహ: టూర్ అన్నాక అన్నీ లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు

'పానోరమిక్' అని ఉంటే బస్సు కిటికీలోంచి అని అర్థం. 'ఫొటో స్టాప్' అంటే పది, పదిహేను నిమిషాలు బయట నిలబడటం. 'ఆన్ యువర్ ఓన్' అంటే బస్సు మాత్రమే, గైడ్ ఉండడు. వివరంలో ప్రవేశ టికెట్ కలిపామని స్పష్టంగా లేకపోతే, లేనట్టే. పేరు పెద్దది, ధర చిన్నది అయితే ఈ మాటలు ఎక్కడో ఉంటాయి, వెతకండి.

టర్కీలోని కుషదాసి రేవులో, ఎఫెసస్ అనే పాత శిథిల నగరం టూర్ చివర తివాచీల కొట్టు ఉంటుంది. కూర్చోబెట్టి యాపిల్ టీ ఇచ్చి, ఒక్కో తివాచీ మీ కాళ్ల ముందు పరుస్తారు. టీ తాగి లేచి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమనరు. మొహమాటానికి కొన్నవాళ్లను చాలామందిని చూశాను. ఎఫెసస్ మాత్రం బాగుంటుంది. పై గేటు దగ్గర దింపి కింది గేటు దగ్గర ఎక్కించుకుంటారు, నడకంతా దిగుడే. పాలరాతి దారి నున్నగా జారుతుంది, చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.

అపోహ: షెంజెన్ వీసా ఉంటే అన్ని రేవులకూ సరిపోతుంది

ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లు ఇది రెండుసార్లు చదవండి. షెంజెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంజెన్‌లోనే ఉంది. టర్కీ, మాంటెనెగ్రో, అల్బేనియా లేవు. ఓడ గ్రీస్ నుంచి కుషదాసికి వెళ్లి మళ్లీ గ్రీస్‌కు వచ్చిందంటే మీరు షెంజెన్ బయటికెళ్లి తిరిగొచ్చినట్టే లెక్క. సింగిల్ ఎంట్రీ వీసా అయితే అక్కడితో చెల్లు. మల్టిపుల్ ఎంట్రీ అడగండి. నేను టూర్‌కు రాను, ఓడలోనే ఉంటాను అన్నా కుదరదు, కాగితాలు సరిగ్గా లేకపోతే మొదటి రోజే ఓడ ఎక్కనివ్వరు. టర్కీకి మీ కంపెనీ ఏ వీసా అడుగుతుందో డబ్బు కట్టకముందే ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

అపోహ: ప్రతి రేవులో దిగి ఊరంతా చుట్టేయాల్సిందే

ఏడు రోజుల్లో ఆరు రేవులుంటే నాలుగో రోజుకు పెద్దవాళ్లు కుదేలైపోతారు. "అమ్మకు మోకాళ్లు బాగాలేవు, మాల్టాలో ఏ టూర్ ఇప్పించమంటారు?" అని కోడళ్లు అడుగుతారు. మాల్టా రాజధాని వల్లెట్టాలో నేను ఏ టూరూ ఇవ్వను. ఓడ ఊరి గోడల కిందే ఆగుతుంది. గట్టు వెంట మెల్లగా నడిస్తే బరాక్కా లిఫ్ట్, 58 మీటర్లు, అర నిమిషం కూడా పట్టదు. పైన అప్పర్ బరాక్కా తోట, నీడ, బెంచీలు, కింద రేవంతా పరుచుకుని మీ ఓడ బొమ్మలా కనిపిస్తుంది. పదకొండున్నరకల్లా వెళ్లి రెయిలింగ్ పక్కన చోటు పట్టుకోండి. సరిగ్గా 12కు కింది బురుజు మీద ఫిరంగి పేలుస్తారు. చెవులు మూసుకోమని అత్తయ్యగారికి ముందే చెప్పండి.