పెట్రోల్ ముల్లు పడుకుంటే తప్పు సెండర్‌దేనా? పాత కార్ల గేజ్‌పై అపోహలు - వాస్తవాలు

పాత అంబాసిడర్లు, పద్మినీలు బాగుచేయడం నా పని. "ట్యాంకు నిండా పోయించినా ముల్లు లేవట్లేదండీ" అంటూ వచ్చేవాళ్ళలో సగంమంది కొత్త సెండర్ (ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో డ్యాష్‌బోర్డు గేజ్‌కి తెలిపే భాగం) చేత్తో పట్టుకునే వస్తారు. దాన్ని పక్కన పెట్టమని ముందు టెస్టర్ తీస్తాను.

అపోహ: ముల్లు కదలకపోతే సెండర్ పోయినట్టే.

వాస్తవం: సెండర్ అంటే ఒక ఫ్లోటు, దానికో చేయి, ఆ చేయి కదిలినప్పుడల్లా సన్నని రెసిస్టెన్స్ తీగ చుట్ట మీద జారే చిన్న రేకు. అంతే. పెట్రోల్ తగ్గితే ఫ్లోటు దిగుతుంది, రెసిస్టెన్స్ మారుతుంది, ముల్లు కదులుతుంది. ఈ కరెంటు తిరిగి వెళ్ళే దారి ట్యాంకు లోహం, కారు బాడీ; దాన్నే ఎర్త్ అంటాం. ఆ దారి తెగితే సెండర్ ఎంత బాగున్నా దండగే.

ఒకాయన అంబాసిడర్‌కి రెండు సెండర్లు మార్పించి విసిగిపోయి నా దగ్గరికి తెచ్చారు. రెండూ బాగానే ఉన్నాయి. కూపీ లాగితే తేలింది: అంతకు ముందు ట్యాంకు దింపి, తుప్పు గీకించి, దిట్టంగా రంగు కొట్టించారు. బోల్టుల కింద రంగు, సెండర్ కింద రబ్బరు ప్యాకింగ్. ఇక ఎర్త్ ఎక్కడిది? సెండర్ అంచు నుంచి బాడీకి జానెడు వైరు వేశాను, ముల్లు లేచింది. జానెడు వైరుకి డబ్బులు అడగడానికి మొహమాటమేసింది. అడిగాననుకోండి.

అపోహ: సెండర్ వైరు ఊడదీసి బాడీకి తాకిస్తే ముల్లు ఫుల్‌కి పోవాలి. పోకపోతే గేజ్ పాడైనట్టు.

వాస్తవం: అది గేజ్ రకాన్ని బట్టి ఉంటుంది. తాళం తిప్పగానే ముల్లు బద్ధకంగా, కొన్ని సెకన్లు తీసుకుని లేస్తే అది బైమెటల్ రకం, అంటే రెండు లోహాల పట్టీ వేడికి వంగి ముల్లును కదిపేది. బ్రిటిష్ కార్లలో 1960ల మధ్య నుంచి ఎక్కువగా ఇదే. ఇందులో వైరు ఎర్త్ చేస్తే ఫుల్, వదిలేస్తే ఖాళీ. అంతకు ముందు వచ్చిన రెండు చుట్టల గేజ్‌లో ముల్లు టక్కున లేస్తుంది. దాంట్లో అంతా తలకిందులు: ఎర్త్ చేస్తే ఖాళీ, వదిలేస్తే ఫుల్. ఈ తేడా తెలియక బాగున్న గేజ్‌లు పీకి పారేసినవాళ్ళున్నారు.

తాళం ఆపి ఉన్నప్పుడే వైరును బాడీకి బిగించండి, ఆ తర్వాతే తాళం తిప్పండి. అప్పుడు ట్యాంకు దగ్గర నిప్పురవ్వ రాదు. బైమెటల్ గేజ్ అయితే ముల్లు లేవగానే ఆపేయండి. ఎక్కువసేపు ఉంచితే లోపలి చుట్ట మాడుతుంది.

బైమెటల్ బండిలో పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి తప్పు చూపిస్తుంటే ట్యాంకు జోలికే పోవద్దు. రెండింటికీ సుమారు 10 వోల్టులు ఇచ్చే స్టెబిలైజర్‌ను అనుమానించండి. దాని మీద డిజిటల్ మీటర్ పెడితే అంకెలు ఎగిరెగిరి పడతాయి. పాత రకం పనిచేసే తీరే అది, టెన్షన్ పడకండి.

అపోహ: ట్యాంకు ఖాళీ చేశాం కదా, ఇక భయం లేదు.

వాస్తవం: అసలు భయం అప్పుడే. గాలిలో పెట్రోల్ ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరి సాధారణంగా అంతకంటే చిక్కగా ఉంటుంది. ఖాళీ ట్యాంకులోకి గాలి చేరి సరిగ్గా ఆ పాళ్ళకి తెస్తుంది. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతుంది. షెడ్డు మూలలో వెల్డింగ్ నడుస్తుంటే నేను సెండర్ విప్పను.

అపోహ: ఇత్తడి ఫ్లోటుకి చిల్లి పడితే టంకం పెట్టేస్తే సరి.

వాస్తవం: టంకం సరే, లోపలి పెట్రోల్ మాటేమిటి? దాంతోపాటే వేడి చేస్తే ఫ్లోటు చేతిలోనే పేలుతుంది. ఊపి చూస్తే చప్పుడు తెలుస్తుంది. ఆరుబయట వేడినీళ్ళ గిన్నెలో ముంచితే చిల్లి దగ్గర బుడగలు వస్తాయి. పెట్రోల్ మొత్తం తీసేసి, రోజుల తరబడి ఆరనిచ్చాకే టంకం. కార్క్ ఫ్లోటయితే మార్చేయడమే మేలు. దానికి లక్క పూత ఉంటే, ఇప్పటి ఇథనాల్ పెట్రోల్ ఆ పూతను కరిగిస్తుంది.

ఇక సెండర్‌లోని రెసిస్టెన్స్ తీగను ఎమరీ పేపరుతో రుద్దడం. ఆ తీగ వెంట్రుకంత సన్నం, తెగుతుంది. కాంటాక్ట్ క్లీనర్, పెన్సిల్ రబ్బరు చాలు. తర్వాత ముల్లున్న పాత మల్టీమీటర్ పెట్టి ఫ్లోటును మెల్లగా ఎత్తండి. మధ్యలో మీటర్ ముల్లు ఎగిరిపడితే అక్కడ తీగ అరిగినట్టు. డిజిటల్‌లో ఆ క్షణం కంటికి ఆనదు.

అపోహ: బోల్టు రంధ్రాలు సరిపోతే ఏ సెండరైనా పనిచేస్తుంది.

వాస్తవం: కలవాల్సింది ఓమ్స్, అంటే రెసిస్టెన్స్ కొలత. యూరప్ రకాల్లో ఖాళీకి 10, ఫుల్‌కి 180 ఓమ్స్ ఉండేవి ఉన్నాయి. అమెరికన్ యూనివర్సల్ రకం ఖాళీకి 240, ఫుల్‌కి 33. ఒకటి తీసి ఇంకోటి పెడితే నిండు ట్యాంకుని ఖాళీగా చూపిస్తుంది. చేయి వంచి సర్దుదామనుకుంటే ఒక కొస కుదిరేసరికి ఇంకో కొస తప్పుతుంది. అందుకే కొత్తది బిగించేముందు ట్యాంకుకి దూరంగా వైర్లు కలిపి, అంచుకి ఎర్త్ ఇచ్చి, ఫ్లోటును చేత్తో ఎత్తి దించుతాను. డ్యాష్‌బోర్డు దగ్గర కుర్రాడు కూర్చుని "ఖాళీ... సగం... ఫుల్" అని అరుస్తాడు. ఆ తర్వాతే ప్యాకింగ్ పెట్టి బోల్టులు.